పురుగుల జ్వరానికి లెక్క ఉంది

కర్ణాటకలోని చిక్కబళ్ళాపుర జిల్లాలో, అందులోనూ శిడ్లఘట్ట, చింతామణి తాలూకాల పట్టు రైతుల వాడుకలో, జ్వరం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. పట్టుపురుగు గుడ్డు నుంచి వెలువడి గూడు కట్టేలోగా నాలుగుసార్లు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోయి, పాత చర్మాన్ని విడిచి కొత్త చర్మంతో లేస్తుంది. శాస్త్రగ్రంథాలు నిర్మోచనం అని పిలిచే ఈ స్థితిని రైతులు జ్వరం అంటారు. పురుగు జ్వరానికి కూర్చుందని, జ్వరం లేచిందని చెప్పుకుంటారు. మొదటి జ్వరం ఎన్నో రోజున వస్తుందో, నాలుగో జ్వరం ఎన్ని గంటలు ఉంటుందో, ఆ వేళ ఆకు వేయకూడదని, సున్నపు పొడి చల్లి పడకను ఆరనివ్వాలని ఆ ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలకు కూడా తెలుసు. అదే ఇంట్లో మనిషికి వచ్చే జ్వరానికి మాత్రం అలాంటి లెక్క లేదు. అది వస్తుంది, నాలుగు రోజులుంటుంది, పోతుంది. ఏ జ్వరమని అడిగితే జ్వరమేనన్నది సమాధానం. ఫ్లూ టీకా వేయించుకోవాలా వద్దా అనే ప్రశ్న ఈ ప్రాంతంలో ఇంటింటి చర్చగా మారకపోవడానికి భయమో, మూఢత్వమో కారణమని చెప్పడం తొందరపాటే అవుతుంది. పేరు తెలియని రోగానికి ముందుజాగ్రత్త గురించి ఎవరూ ఆలోచించరు. అసలు కారణం అక్కడ ఉంది.

ఇన్‌ఫ్లుయెంజా, వాడుకలో ఫ్లూ, శ్వాసమార్గానికి సోకే ఒక వైరస్ రోగం. ఇక్కడి తెలుగులో కన్నడం కలిసిపోయినందువల్ల పడిశం అనే ఇళ్ళూ నెగడి అనే ఇళ్ళూ ఒకే వీధిలో ఉంటాయి గాని, ఆ రెండు మాటలూ ముక్కు కారే మామూలు జలుబునే సూచిస్తాయి. ఫ్లూ అంతకంటే వేరైనది. జలుబు గొంతు గరగరతో మెల్లగా మొదలై మనిషిని నడవనిస్తుంది. ఫ్లూ ఒక పూటలో పడగొడుతుంది. పొద్దున చామంతి పూలు కోసి చిక్కబళ్ళాపురం మార్కెట్టుకు పంపిన మనిషి సాయంత్రానికి చలితో వణుకుతూ, నడుమూ పిక్కలూ కొట్టేసినట్టు నొప్పులు పుట్టి, తల ఎత్తలేక, పొడిదగ్గుతో పడుకోవడం ఫ్లూ లక్షణం. వైరస్ శరీరంలో ప్రవేశించిన 1 నుంచి 4 రోజుల్లో ఇది బయటపడుతుంది. బయటపడడానికి ఒకరోజు ముందు నుంచే రోగి ఇతరులకు అంటించగలడు కాబట్టి, ఇంట్లో ఒకరు పడుకునే సరికే మరొకరికి అది చేరి ఉంటుంది. జ్వరం 3, 4 రోజుల్లో దిగినా దగ్గు, నీరసం రెండు వారాల దాకా వదలవు. పురుగు నాలుగో జ్వరం లేచి, రాత్రీ పగలూ ఆకు తినే ఆ చివరి వారంలో రైతు ఇలా పడితే ఆ ఇంటికి జరిగే నష్టం వైద్య గణాంకాలకు ఎక్కదు. ఆకు కోయడానికి కూలి మనిషిని పెట్టుకోవడమో, పంటను సగంలో పోగొట్టుకోవడమో ఆ ఇంటి ఖాతాలోనే మిగిలిపోతుంది.

ఈ రోగం లెక్కకు అందకపోవడానికి వైద్యవ్యవస్థలోనే ఒక సహేతుకమైన కారణం ఉంది. 2009 నాటి స్వైన్ ఫ్లూ కాలం నుంచి కేంద్ర ఆరోగ్యశాఖ ఫ్లూ రోగులను మూడు తరగతులుగా విభజించింది. కొద్దిపాటి జ్వరం, దగ్గు, గొంతునొప్పి ఉన్నవారు మొదటి తరగతి. వారికి పరీక్షా అవసరం లేదు, ప్రత్యేకమైన మందూ అవసరం లేదు, ఇంట్లో విశ్రాంతి చాలు. జ్వరం తీవ్రంగా ఉన్నవారూ, గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు, మధుమేహం, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారూ రెండో తరగతి. వారికి పరీక్ష లేకుండానే ఒసెల్టామివిర్ అనే వైరస్ నిరోధక మందు ఇవ్వవచ్చు. ఊపిరి అందకపోవడం, ఛాతీనొప్పి, పెదవులు నీలిబడడం, కఫంలో రక్తం, మగత కనిపిస్తే మూడో తరగతి. పరీక్ష చేసేదీ, ఆసుపత్రిలో చేర్చుకునేదీ వీరినే. ఈ పద్ధతి ప్రయోగశాలల మీద భారాన్ని తగ్గించిన మాట నిజమే గాని, దాని ఫలితంగా గ్రామాల్లో ఫ్లూ సోకినవారిలో చాలామంది తమకు వచ్చింది ఫ్లూ అని ఎన్నడూ వినకుండానే కోలుకుంటారని అనుకోవడంలో అతిశయోక్తి లేదు.

దీనికి పూర్తిగా ఎదురైన ఉదాహరణ ఈ ప్రాంతపు జ్ఞాపకంలోనే ఉంది. 2006లో చికున్‌గున్యా దేశాన్ని చుట్టుముట్టినప్పుడు నమోదైన 13 లక్షలకు పైబడిన అనుమానిత కేసుల్లో సగానికి మించి కర్ణాటకవే. నోరు తిరగని ఆ విదేశీ పేరు ఇదే జిల్లాలోని బాగేపల్లి పల్లెల్లో ముసలివారికి సైతం నేటికీ కంఠతా వచ్చు. ఎందుకంటే ఆ జ్వరం కీళ్ళలో నొప్పిగా నెలల తరబడి నిలిచి, తన పేరును తానే గుర్తు చేసింది. ఫ్లూ అలాంటి గుర్తు ఏదీ వదలదు. వదిలినా దాన్ని మరొక పేరుతోనే చెప్పుకుంటారు. కెనడాలోని ఒంటారియోలో జరిగి 2018లో వెలువడిన ఒక అధ్యయనం, ఫ్లూ నిర్ధారణ అయిన మొదటి వారంలో గుండెపోటు వచ్చే అవకాశం ఇతర సమయాలతో పోలిస్తే సుమారు ఆరు రెట్లు ఉంటుందని తేల్చింది. జ్వరం వచ్చిన అయిదో రోజున గుండె ఆగి పోయిన పెద్దాయన మరణాన్ని ఊరు గుండెపోటు అనే చెప్పుకుంటుంది. జ్వరం సంగతి ఆ మాటలో ఉండదు.

పేరు ఉన్న ఫ్లూ ఈ నేలకు తెలియనిదేమీ కాదు. 1918 జూన్‌లో బొంబాయి రేవులో దిగిన ఫ్లూ మహమ్మారి, సెప్టెంబరు నాటికి రెండో విజృంభణగా దేశమంతా వ్యాపించినప్పుడు మైసూరు సంస్థానానికి దివానుగా ఉన్నవారు చిక్కబళ్ళాపురం పక్కనే ఉన్న ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య. 1912 నుంచి సాగిన ఆయన దివానుగిరి 1918 చివరికే ముగిసింది. అప్పటికి ఈ తాలూకాలన్నీ కోలారు జిల్లాలోనివి. ఆ దశాబ్దంలోనే వచ్చిన నారోగేజ్ రైలు బెంగళూరు వైపు నుంచి చిక్కబళ్ళాపురం దాకా మనుషులను, సరుకులను చేరవేస్తుండేది, రోగం కూడా మనుషులతోపాటే ప్రయాణించేది. దేశంలో ఆ మహమ్మారికి బలైనవారు కోటీ ఇరవై లక్షలకూ రెండు కోట్లకూ మధ్య ఉంటారని చరిత్రకారుల అంచనా. ప్రపంచవ్యాప్తంగా ఆ మృతుల్లో చాలామంది ముసలివారు కాక 20 నుంచి 40 ఏళ్ళ వయసులో ఉన్నవారు కావడం దాని విపరీత లక్షణం. భారత జనగణన చరిత్రలో పది సంవత్సరాల కాలంలో జనాభా పెరగడానికి బదులు తగ్గిన దశాబ్దం 1911–1921 ఒక్కటే. అప్పటికి టీకా లేదు. రోగకారకం వైరస్ అన్న సంగతి కూడా తెలియదు. లండన్‌లో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లైడ్లా మనిషి నుంచి ఫ్లూ వైరస్‌ను వేరుచేసింది 1933లో. సామాన్య ప్రజలకు వేయదగిన టీకాకు అమెరికాలో అనుమతి లభించింది 1945లో.

తెలుగునాటికి ఫ్లూ మళ్ళీ ఒక పేరుతో వచ్చింది 2009 మేలో. దేశంలో మొదటి హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) రోగి, అమెరికా నుంచి హైదరాబాదు విమానాశ్రయంలో దిగిన ఒక యువకుడు. 2015లో అదే వైరస్ వల్ల దేశంలో 42 వేలకు పైగా కేసులు, దాదాపు 3 వేల మరణాలు నమోదయ్యాయి. 2023 మార్చిలో హెచ్3ఎన్2 రకం వల్ల ఆ ఏడాది దేశంలో తొలి మరణంగా గుర్తించినది కర్ణాటకలోని హాసన్ జిల్లాకు చెందిన 82 ఏళ్ళ వృద్ధుడిది. ఆ సమయంలో రాష్ట్ర ఆరోగ్యమంత్రిగా ఉన్న డాక్టర్ కె. సుధాకర్ చిక్కబళ్ళాపుర శాసనసభ్యులే. ఆ నెలంతా పత్రికల్లో ఫ్లూ కనిపించింది. వేసవి ముగిసేలోగా అది మళ్ళీ జ్వరం అనే పాత పేరులోకి జారిపోయింది.

సూదుల్లో రెండు రకాలు

ఈ ప్రాంతంలో సూది అంటే భయం ఎక్కువనే మాట పైపై పరిశీలన. జ్వరంతో ఊరి వైద్యుని దగ్గరకు వెళ్ళిన మనిషి మాత్రలు మాత్రమే ఇస్తే అసంతృప్తి పడతాడు. ‘ఒక సూది వేయి సార్’ అని తానే అడుగుతాడు, నీరసంగా ఉందంటూ గ్లూకోజు ఎక్కించమంటాడు. అదే మనిషి ఆరోగ్యంగా ఉన్నప్పుడు, రాబోయే జ్వరానికి ఇప్పుడే సూది వేయించుకోమంటే వెనకడుగు వేస్తాడు. మొదటి సూదికి ఫలితం మర్నాటికే కనిపిస్తుంది. జ్వరం దానంతట అదే దిగినా ఆ ఘనత సూదికే దక్కుతుంది. రెండో సూది ఫలితం ఏమీ జరగకపోవడంలోనే ఉంటుంది, ఏమీ జరగకపోవడాన్ని ఎవరూ చూడలేరు. పిల్లలకు వేసే టీకాల విషయంలో ఈ చిక్కు లేకపోవడానికి కారణం, తరతరాల అలవాటూ, ఆశా కార్యకర్త గుమ్మం దాకా వచ్చి పిలవడమూ, అంగనవాడిలో ఖర్చు లేకుండా వేయడమూను. పెద్దవారి టీకాకు ఈ మూడూ లేవు.

కోవిడ్ టీకాల అనుభవం దీని మీద మరొక పొర కప్పింది. 2021లో వరుసల్లో నిలబడి రెండు మోతాదులు వేయించుకున్నవారిలో చాలామందికి రెండు రోజులు జ్వరం, చేయినొప్పి వచ్చాయి. ఆ తరువాత కోవిడూ వచ్చి తేలికగా బయటపడినవారు, టీకా వల్లే తేలికైందని కొందరు, వేసుకున్నా వచ్చింది కదా అని కొందరు రెండుగా చీలారు. ఫ్లూ టీకా గురించి మాట వచ్చినప్పుడు వినిపించేది ఆ రెండో వర్గం గొంతే. సందేహమనేది కొత్త సంగతి కూడా కాదు. చింతామణికి తూర్పున, రాష్ట్ర సరిహద్దు దాటగానే వచ్చే మదనపల్లెలో 1948లో దేశంలోనే మొదటిసారిగా క్షయ నివారణకు బి.సి.జి. టీకాలు వేసినప్పటి నుంచి, దాని మీద వాదోపవాదాలు నడిచాయి. 1955లో రాజాజీ అంతటి పెద్దమనిషి దాన్ని వ్యతిరేకిస్తూ ఒక చిన్న పుస్తకమే ప్రచురించారు. అడిగిన ప్రశ్నలకు ఓపికగా సమాధానం చెప్పడం తప్ప సందేహాన్ని తీర్చే మార్గం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

సమాధానాల్లో మొదటిది, ఫ్లూ టీకా ఏమి చేయదో చెప్పడం. అది జలుబును ఆపదు. నూరుకు పైగా వైరస్‌లు జలుబును కలిగిస్తాయి, ఈ టీకా ఫ్లూ వైరస్‌లకు మాత్రమే సంబంధించింది. డెంగీ, టైఫాయిడ్, చికున్‌గున్యాలకు దీనితో నిమిత్తం లేదు. టీకాలోని రకాలూ ఆ ఏడాది తిరుగుతున్న రకాలూ బాగా కుదిరిన సంవత్సరాల్లో కూడా ఇది వైద్యుని దగ్గరకు వెళ్ళవలసినంత ఫ్లూను నూటికి 40 నుంచి 60 పాళ్ళు మాత్రమే తగ్గిస్తుంది. అంటే వేయించుకున్నవారిలో కొందరికి ఫ్లూ వచ్చి తీరుతుంది. అలా వచ్చినప్పుడు కూడా న్యుమోనియా దాకా, ఆసుపత్రి మంచం దాకా పోకుండా ఆపడంలోనే ఈ టీకా విలువ ఎక్కువగా ఉంది. ఈ మాట ముందే చెప్పకుండా, ‘వేసుకుంటే రాదు’ అని హామీ ఇచ్చినవారే తరువాతి అపనమ్మకానికి కారకులవుతున్నారు.

ప్రతి ఏడూ ఎందుకన్నది రెండో ప్రశ్న. ఫ్లూ వైరస్ ఉపరితలం మీద రెండు రకాల ప్రోటీన్లు ముళ్ళలా పొడుచుకుని ఉంటాయి; హెచ్, ఎన్ అనే అక్షరాలు వాటివే. వైరస్ తన సంతతిని పెంచుకునే ప్రతిసారీ ఈ ముళ్ళలో చిన్న చిన్న మార్పులు జరుగుతాయి. పోయినేడు గుర్తుపట్టిన శరీరం ఈ ఏడు దాన్ని కొత్తదిగా చూస్తుంది. టీకా ఇచ్చిన రక్షణ కూడా కొన్ని నెలల్లో సన్నగిల్లుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952 నుంచి నడుపుతున్న నిఘా వ్యవస్థ ఆధారంగా, ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికీ సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికీ, టీకాలో ఉండవలసిన రకాలను నిర్ణయిస్తుంది. 2020 మార్చి తరువాత బి రకంలోని యమగాట అనే శాఖ ప్రపంచంలో ఎక్కడా కనబడకపోవడంతో, నాలుగు రకాల టీకా నుంచి మళ్ళీ మూడు రకాల టీకాకు మారాలని ఆ సంస్థ సూచించింది.

ఎప్పుడు వేయించుకోవాలన్నది ఈ ప్రాంతానికి మరింత ముఖ్యమైన విషయం, ఎందుకంటే పడమటి దేశాల నుంచి వచ్చే సమాచారమంతా అక్టోబరు, చలికాలం అని చెబుతుంది. భారతదేశంలో శ్రీనగర్ వంటి చోట్ల ఫ్లూ చలికాలంలోనే వచ్చినా, దేశంలో ఎక్కువ భాగానికి దాని ఉద్ధృతి వానాకాలంలోనే అనీ, ఈశాన్య రుతుపవనాలు తడిపే చెన్నై వైపు అది అక్టోబరు, నవంబరులకు జరుగుతుందనీ దేశంలోని పరిశోధకులు పలు నగరాల నమూనాలతో చూపారు. చిక్కబళ్ళాపుర జిల్లాకు వానలు జూన్‌లో మొదలై, ఎక్కువగా ఆగస్టు నుంచి అక్టోబరు వరకు పడతాయి. గురుపౌర్ణమికి కైవారంలో యోగి నారేయణ మఠంలో మూడు రోజులు రాత్రింబగళ్ళు సాగే సంగీతోత్సవానికి చుట్టుపక్కల తాలూకాల నుంచి, అవతలి ఆంధ్ర పల్లెల నుంచి వచ్చే వృద్ధులు ఒకే పందిరి కింద కూర్చునేది ఆ వానలు మొదలైన తరువాతే. టీకా వేసిన రెండు వారాలకు గాని రక్షణ సిద్ధం కాదు కాబట్టి, ఉగాది దాటి తొలకరి రాకముందే, అంటే ఏప్రిల్, మే నెలల్లో వేయించుకోవడం ఇక్కడివారికి సరైన సమయం. అప్పుడు ఆలస్యమైనవారు వానాకాలంలో వేయించుకున్నా ప్రయోజనం ఉంది.

టీకా వల్లే ఫ్లూ వస్తుందనే భయం బలమైనది. కండరానికి వేసే టీకాలో చంపిన వైరస్ ముక్కలు మాత్రమే ఉంటాయి. వాటికి రోగాన్ని కలిగించే శక్తి లేదు. చేయినొప్పి, ఒకటి రెండు రోజుల కొద్దిపాటి జ్వరం శరీరం టీకాను గుర్తించిన సూచనలు. అరుదైన ప్రమాదాన్ని దాచవలసిన అవసరమూ లేదు. 1976లో అమెరికాలో 4 కోట్లకు పైగా ప్రజలకు హడావుడిగా వేసిన స్వైన్ ఫ్లూ టీకా తరువాత గిలాన్-బారే అనే నరాల బలహీనత లక్ష మందికి ఒకరి చొప్పున అదనంగా కనిపించింది. తరువాతి టీకాల్లో ఆ అదనం పది లక్షలకు ఒకటి రెండుకు మించలేదు. ఫ్లూ రోగమే అదే నరాల జబ్బుకు అంతకంటే పెద్ద కారణం. గతంలో ఈ టీకాతో తీవ్రమైన అలర్జీ వచ్చినవారు దాన్ని వేయించుకోరాదు. జ్వరం ఎక్కువగా ఉన్నవారు తగ్గేదాకా ఆగాలి.

ఇవన్నీ తెలిసిన తరువాత మిగిలేది డబ్బు. జాతీయ టీకాల కార్యక్రమంలో ఫ్లూ టీకా లేదు. ప్రైవేటు ఆసుపత్రుల్లో రకాన్ని బట్టి ఒక్కో సూదికి సుమారు వెయ్యి నుంచి రెండు వేల రూపాయలవుతుంది. 2025–26లో కర్ణాటకలో ఉపాధి హామీ కూలి రోజుకు 370 రూపాయలుగా ఉండేది. అంటే ఒక్క మనిషికి ఒక్క ఏటి రక్షణ మూడు నుంచి అయిదు రోజుల కూలి. అత్తమామలు, ఇద్దరు పిల్లలున్న ఇంటికి అది నెల సంపాదనతో సమానం. హైదరాబాదులోని భారత్ బయోటెక్, అహమ్మదాబాదులోని జైడస్, పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ 2010లోనే ఫ్లూ టీకాలు తయారు చేసి చూపించిన దేశంలో ఈ ధర అందుబాటులోకి రాకపోవడం విచారించవలసిన విషయం. కాబట్టి బాగేపల్లి కూలి కుటుంబానికి నిజమైన ప్రశ్న, వేయించుకోవాలా అన్నది కాదు, ఎవరికి వేయించాలి అన్నది. వైద్యశాస్త్రం దానికి చెప్పే క్రమం స్పష్టంగానే ఉంది: ముందు గర్భిణులు, వారితోపాటే ఉబ్బసం, మధుమేహం, గుండె జబ్బు ఉన్న పెద్దలు, 65 దాటినవారు, తరువాత అయిదేళ్ళలోపు పిల్లలు. ఆరు నెలలు నిండని శిశువుకు ఏ ఫ్లూ టీకా వేయరు. గర్భంలో ఉండగా తల్లి వేయించుకుంటే ఆమె రక్తంలోని రక్షణ బిడ్డకు చేరి ఆ ఆరు నెలలూ కాపాడుతుంది. ఒక్క సూదితో ఇద్దరికి రక్షణ దొరికేది అక్కడే. తొమ్మిదేళ్ళలోపు పిల్లలకు మొదటి ఏడాది నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు కావాలి, ఆ ఖర్చు రెట్టింపని ముందే తెలుసుకోవడం మంచిది.

టీకా వేయించుకోలేని ఇళ్ళు నిస్సహాయంగా లేవు. జ్వరం వచ్చిన మనిషిని విడిగా పడుకోబెట్టడం, మూతికి గుడ్డ, చేతికి సబ్బు ఇతరులకు అంటడాన్ని తగ్గిస్తాయి; రాగి అంబలి, మిరియాల కషాయం, ఆవిరి రోగిని తేలికపరుస్తాయి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకపోవడం, వైరస్ మీద పనిచేయని యాంటీబయోటిక్ కోసం పట్టుబట్టకపోవడం అంతే అవసరం. ఊపిరి వేగం పెరిగితే, దిగిన జ్వరం మళ్ళీ దగ్గుతో తిరగబెడితే ఆలస్యం చేయకుండా చింతామణి, చిక్కబళ్ళాపురం పెద్దాసుపత్రులకు చేరడం ప్రాణాలను నిలుపుతుంది. ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో ఇచ్చినప్పుడే బాగా పనిచేస్తుంది.

వరదహళ్ళి కోళ్ళు

2025 ఫిబ్రవరి చివరలో చిక్కబళ్ళాపుర తాలూకా వరదహళ్ళిలో పెరటి కోళ్ళు వరుసగా చనిపోయి, నమూనాలు భోపాల్‌లోని పశువ్యాధుల ఉన్నత ప్రయోగశాలకు వెళ్ళి, హెచ్5ఎన్1 పక్షి ఫ్లూ అని తేలింది. ఇక్కడ ఫ్లూకు మళ్ళీ పేరు వచ్చింది, కాకపోతే కోళ్ళ పేరు మీద. ఆ మరుసటి నెలలో ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లాలో రెండేళ్ళ పాప ఇదే వైరస్ సోకి మరణించింది. మనుషులకు ఏటా వేసే టీకా పక్షి ఫ్లూను ఆపదు. కోళ్ళను సాకేవారు ఏటి టీకా వేయించుకోవడంలో ఉన్న ప్రయోజనం వేరు. ఒకే మనిషిలో రెండు ఫ్లూలు ఒకేసారి కలిస్తే వాటి జన్యుభాగాలు తారుమారై, పక్షి వైరస్‌కు మనిషి నుంచి మనిషికి పాకే గుణం అబ్బవచ్చు. ఆ కలయికకు అవకాశాన్ని టీకా తగ్గిస్తుంది. చచ్చిన కోడిని ఉత్త చేతులతో పట్టుకోకూడదని, పశువైద్యశాఖకు చెప్పకుండా పూడ్చకూడదని ఆ రోజుల్లో ఈ పల్లెలు త్వరగానే నేర్చుకున్నాయి.

ఆ నేర్పు పట్టు రైతులకు కొత్తది కాదు. పురుగులను పెంచే ఇల్లైన మనెలోకి బయటివారిని రానివ్వకపోవడం, గడపలో బ్లీచింగ్ పొడి, చేతులు కడిగాకే ఆకు ముట్టడం, పాల రోగం కనిపించిన పురుగును ఏరి సున్నపు నీళ్ళలో వేయడం, పరీక్షించిన, రోగం లేని గుడ్లనే కొనడం ఇక్కడ దినచర్య. రోగం లేని గుడ్లను ఎంచే పరీక్షను 1860లలో ఫ్రాన్సులో పట్టుపురుగుల తెగులు మీద పనిచేస్తూ నేర్పినవాడు లూయీ పాశ్చర్. జబ్బుకు సూక్ష్మజీవే కారణమన్న ఆలోచన ఆయనలో గట్టిపడిందీ, తరువాత టీకాల వైపు నడిచిందీ ఆ పురుగుల మనెల అనుభవం తరువాతే. పురుగును కాపాడే జ్ఞానమూ మనిషిని కాపాడే టీకా జ్ఞానమూ ఒకే ఇంటివి. ఈ జిల్లాలో మొదటిది నట్టింట్లో ఉంది, రెండోది గుమ్మం బయట నిలబడి ఉంది.

కర్ణాటకలో గర్భిణి చేతికి ఇచ్చే తాయి కార్డులో ఆమె బరువు, రక్తపోటు, రక్తశాతం, ధనుర్వాతం రాకుండా వేసే టి.డి. టీకా తేదీలు వరుసగా రాస్తారు. ఫ్లూ టీకా ఉచిత కార్యక్రమంలో లేనందువల్ల దాన్ని ఎవరూ గుర్తు చేయరు. వేయించుకోవాలని నిర్ణయించుకున్న గర్భిణి తానే అడగాలి, తానే కొనాలి, వేయించిన తేదీని ఆ కార్డు అంచున చేత్తో రాయించుకోవాలి.